ఈ సీసాలో ఉన్నవి ఏ లోతు నీళ్లు?

నల్లగొండ జిల్లాలో నీళ్ల పరీక్ష కొత్త కాదు. ఫ్లోరైడ్ వల్ల ఊరూరా దశాబ్దాలుగా నీళ్లు పట్టి పంపుతూనే ఉన్నారు. ప్లాస్టిక్ సీసాను అదే బోరు నీళ్లతో రెండుసార్లు కడిగి, నింపి, మూత బిగించి, ఊరి పేరు రాసి, వీలు చూసుకొని ల్యాబుకు చేరవేయడం అందరికీ అలవాటైన పని. ఫ్లోరైడ్‌కు ఇది సరిపోతుంది. అది నీళ్లలో కరిగి ఉండేది, గాలిలోకి ఎగిరిపోదు. సీసా నాలుగు రోజులు బల్ల మీద ఉన్నా అంకె మారదు.

ఇదే అలవాటుతో పెట్రోల్ బంకు వెనక బోరు నీళ్లు పడితే మాత్రం తప్పు జవాబు వస్తుంది. ఆ తప్పు దాదాపు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మోటరు వేస్తే పెట్రోలు వాసన కొడుతోందని రైతు అంటాడు, రిపోర్టులో "బెంజీన్ లేదు" (పెట్రోలులో ఉండే విషపదార్థం అది) అని ఉంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడకపోవచ్చు. ల్యాబు తన చేతికొచ్చిన సీసాలో మిగిలినదాన్ని కొలిచింది, అంతే. ఆ నీళ్లు బండలో ఏ లోతు నుంచి వచ్చాయో, దారిలో వాటిలోంచి ఏం ఎగిరిపోయిందో ల్యాబుకు తెలిసే వీల్లేదు. ఆ రెండూ తెలియాల్సింది నీళ్లు పట్టేవాళ్లకు.

పెట్రోలు నేలలోకి దిగితే

ట్యాంకు అడుగునో పైపు జాయింటు దగ్గరో సెకనుకు ఒక చుక్క కారిందనుకోండి. రోజుకు 4 లీటర్ల పైన, ఏడాదికి సుమారు 1,500 లీటర్లు. రోజూ డిప్ రాడ్ పెట్టి చూసే లెక్కలో ఆవిరి నష్టం కింద కలిసిపోయేంత చిన్న తేడా అది. కారిన పెట్రోలు మొరంలో కొంత అంటుకుపోతుంది, కొంత ఆవిరై మట్టి సందుల్లో తిరుగుతుంది. మిగిలింది నీటిమట్టం దాకా దిగి, నీళ్లకంటే తేలిక కాబట్టి పైన తేలుతుంది. లీటరు పెట్రోలు 720 నుంచి 775 గ్రాములే తూగుతుంది. తేలే ఆ పొర కింది నుంచి బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్‌లు కొద్దికొద్దిగా నీళ్లలో కరుగుతూ నీళ్లతో పాటు నడుస్తాయి.

వీటిలో భయపడాల్సింది బెంజీన్‌కు. అది క్యాన్సర్ కారకం. తాగేనీళ్లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. బీఎస్-6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) పెట్రోలులో బెంజీన్ ఘనపరిమాణంలో 1 శాతం దాటకూడదు. ఆ 1 శాతమే ఉందనుకున్నా లీటరు పెట్రోలులో 8.8 గ్రాములు ఉన్నట్టు. లెక్క వేస్తే 8.8 లక్షల లీటర్ల నీళ్లను ఆ హద్దు దాకా చేర్చడానికి ఒక్క లీటరు పెట్రోలు చాలు.

ముక్కును నమ్ముకుంటే ఇక్కడ మోసపోతాం. నీళ్లలో పెట్రోలు వాసన ముందుగా తెలిసేది టోలుయీన్, ఇథైల్ బెంజీన్ లాంటి వాటి వల్ల. బెంజీన్ ఒక్కటే అయితే లీటరుకు 10 మిల్లీగ్రాముల దగ్గరికి వస్తే గానీ వాసన పట్టదు. అంటే హద్దుకు వెయ్యి రెట్లు. పాత లీకుల్లో సూక్ష్మజీవులు టోలుయీన్‌ను ముందు తినేస్తాయి, బెంజీన్ వెనకబడి మిగులుతుంది. కాబట్టి "మొదట్లో వాసన వచ్చేది, ఇప్పుడు పోయింది" అన్న మాట విన్నప్పుడు నిశ్చింతగా ఉండకూడదు.

మొరం, బండ, గ్యాపు

ఇసుక నేలల కోసం రాసిన పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పెడితే పని జరగదు. ఇక్కడ ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ బండ. దామరచర్ల, వాడపల్లి వైపు సున్నపురాయి వస్తుంది, దాని తీరు వేరు. బండ ప్రాంతంలో పైన ఎర్రమట్టి, దాని కింద కుళ్లిన రాయి అంటే మొరం, ఆ కింద పగుళ్లున్న బండ, ఇంకా కిందికి పోతే పగుళ్లు తగ్గిన గట్టి బండ. బోరు లారీ వాళ్లు "గ్యాప్ తగిలింది" అనేది ఆ పగుళ్లనే. నీళ్లు నడిచేది వాటిలోనే, వాటితో పాటు కల్తీ కూడా.

చౌటుప్పల్ దగ్గర ఎన్జీఆర్ఐ (హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి బోర్లు వేసి పరిశీలించిన ప్రయోగ క్షేత్రం ఒకటుంది. అక్కడ తేలిన ఒక సంగతి మన విషయానికి ప్రాణం లాంటిది. నీటిమట్టం మొరమూ బండా కలిసే పొరలో ఉన్నంతకాలం నీళ్లు ఆ పొర వెంట అడ్డంగా దూరం దాకా నడుస్తాయి. మట్టం అంతకంటే కిందికి పడిపోతే పగుళ్ల మధ్య లంకె తెగి, నీళ్లు గదులు గదులుగా విడిపోతాయి. నవంబరులో బంకు బోరుకూ పక్క చెలక బోరుకూ ఉన్న సంబంధం మే నెలలో ఉండకపోవచ్చన్నమాట. ఏడాదికి ఒక్కసారి నీళ్లు పట్టి తేల్చడం ఇక్కడ ఎందుకు కుదరదో దీన్ని బట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు వ్యవసాయ బోరు సంగతి. ఆరున్నర అంగుళాల రంధ్రం, మొరం కూలకుండా గట్టి రాయి తగిలేదాకా కేసింగ్, ఆ కింద ఖాళీ రంధ్రం, ఎక్కడో 60, 80 మీటర్ల దగ్గర మోటరు. పెట్రోలు తేలే నీటిమట్టం చాలాసార్లు కేసింగ్ వెనకే ఉంటుంది. కేసింగుకు రంధ్రాలు ఉండవు కాబట్టి తేలే పొర బోరులోకి రాదు. కరిగిన బెంజీన్ వచ్చినా ఒక పైగ్యాపు నుంచి వస్తుంది. కింది రెండు మూడు గ్యాపుల శుభ్రమైన నీళ్లు దాన్ని పలచన చేస్తాయి. మోటరు నీళ్లలో 8 మైక్రోగ్రాములు కనబడితే, అందులో పదో వంతు నీళ్లిచ్చే ఒక్క గ్యాపులో 80 ఉండొచ్చు. కేసింగ్ చుట్టూ సిమెంటు పోయకుండా వదిలేసిన బోర్లలో ఇంకో ప్రమాదం ఉంది. పైన ఉన్న కల్తీ ఆ సందులోంచి నేరుగా కిందికి జారుతుంది. వ్యవసాయ బోరు శుభ్రంగా ఉందన్న రిపోర్టుతో స్థలం శుభ్రంగా ఉందని చెప్పలేం. అందులో బెంజీన్ దొరికితే మాత్రం కల్తీ ఉందని నమ్మొచ్చు.

పరిశీలన బోరు ఎలా ఉండాలి

అందుకే ఈ పనికి విడిగా బోర్లు వేయాలి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకొని కనీసం మూడు వేయాలి. ఒకటి బంకుకు ఎగువన, రెండు దిగువన, మూడూ ఒకే గీత మీద పడకుండా. మూడు చోట్ల నీటిమట్టాలు తెలిస్తేనే వాలు ఎటుందో లెక్కకట్టొచ్చు. బండలో ఆ వాలు ఒక అంచనా మాత్రమే. పగులు ఏ దిక్కుకు పోతే నీళ్లు అటు పోతాయి. డోలరైట్ డైకు, అంటే బండను చీల్చుకొని గోడలా నిలిచిన నల్లరాయి, అడ్డొస్తే దాని వెంట తిరుగుతాయి. ఆరేడు బోర్లు లేకుండా బండలో కల్తీ హద్దు గీయడం సాహసమే.

మొరంలో వేసే బోరులో 2 అంగుళాల పీవీసీ పైపు చాలు. మరలు ఉన్న పైపే వాడాలి. ప్లంబర్లు సొల్యూషన్ అనే జిగురుతో అతికిస్తే అందులోని ద్రావకాలు నీళ్లలోకి దిగి, పరీక్షలో కొత్త పదార్థాలు కనబడతాయి. గాట్లున్న పైపు భాగం నవంబరు నీటిమట్టానికి మీటరు పై నుంచి మే మట్టానికి రెండు మీటర్ల కింది దాకా రావాలి. నీటిమట్టం ఆ గాట్ల ఎదురుగా ఉంటేనే తేలే పెట్రోలు లోపలికి వస్తుంది. ఈ పొడవు 6 మీటర్లు దాటేలా ఉంటే ఒకటి బదులు రెండు బోర్లు వేయడం మేలు. గాట్లు 0.5 మిల్లీమీటర్లు, చుట్టూ 1–2 మిల్లీమీటర్ల కడిగిన ఇసుక, దాని మీద 60 సెంటీమీటర్ల బెంటోనైట్ (తడిస్తే ఉబ్బి సందులు మూసే) మట్టి, ఆపైన నేల దాకా సిమెంటు పాలు. ఆ బెంటోనైట్ లేకపోతే వాననీళ్లు, బంకు ఆవరణ కడిగిన నీళ్లు పైపు పక్క నుంచే దిగి పరీక్షను పాడుచేస్తాయి.

బండలోకి వేసేదాన్ని వేరే రంధ్రంగా వేయాలి. ముందు మొరం దాటేదాకా తవ్వి, కేసింగ్ దింపి, చుట్టూ సిమెంటు పోసి, అది గట్టిపడ్డాక లోపలి నుంచి బండలోకి పోవాలి. తొందరపడి ఒకే ఊపులో కిందికి దూస్తే పైన తేలుతున్న పెట్రోలుకు మన చేతులతోనే దారి తవ్వినట్టవుతుంది. బోరు లారీతో ఇంకో చిక్కు ఉంది. కంప్రెసర్ గాలిలోనూ హ్యామర్‌కు పోసే నూనెలోనూ ఉన్న హైడ్రోకార్బన్లు రంధ్రం గోడలకు అంటుకుంటాయి. తర్వాత డీజిలు రకం పరీక్షలో అవే పైకి వస్తాయి. గాలికి ఫిల్టరు పెట్టించాలి, హ్యామర్ నూనెను చిన్న సీసాలో పట్టి దాచాలి. అనుమానం వస్తే ల్యాబులో రెండింటినీ పోల్చి చూడొచ్చు.

వేశాక బురద పోయేదాకా నీళ్లు తోడి, కనీసం వారం ఆగి అప్పుడు నమూనా తీయాలి. పైపు అంచు మీద ఒక గాటు పెట్టి ఎప్పుడూ అక్కడి నుంచే కొలవాలి. అన్ని బోర్లలో ఈ అంచు గుర్తు ఎత్తును లెవలింగుతో మిల్లీమీటర్లలో రాసుకోవాలి. ఇది లేక వాలు తలకిందులైన రిపోర్టులు తక్కువేం కాదు.

ముందు మట్టం, తర్వాతే నీళ్లు

నమూనాకు ముందు అన్ని బోర్లలో నీటిమట్టం ఒకే పూట కొలవాలి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉంది కాబట్టి చుట్టుపక్కల మోటర్లు ఏ గంటలోనైనా నడుస్తుండొచ్చు. ఆటో స్టార్టర్లు ఉన్నచోట రైతుకే తెలియదు ఎప్పుడు మొదలైందో. 200 మీటర్ల దూరంలో అదే పగులు మీద ఉన్న మోటరు నీళ్ల దిక్కునే మార్చేయగలదు. ఏ మోటరు నడుస్తోంది, ఎప్పటి నుంచి అన్నది కొలతల పక్కనే రాయాలి. వీలైతే రైతులతో మాట్లాడి ఆ పూటకు ఆపించాలి.

తేలే పెట్రోలు మందం కొలవడానికి ఇంటర్‌ఫేస్ ప్రోబ్ ఉంటుంది. పెట్రోలు తగిలితే ఒక శబ్దం, నీళ్లు తగిలితే ఇంకో శబ్దం. అది లేకపోతే బంకులో రోజూ వాడే వాటర్ పేస్టే అక్కరకొస్తుంది. కొలిచే టేపు చివర పూసి దించితే నీళ్లు తగిలిన మేర రంగు మారుతుంది. పెట్రోలు గుర్తించే పేస్టు విడిగా దొరుకుతుంది. రెండు గీతల మధ్య దూరమే మందం.

మందం ఉన్నచోట నీటిమట్టాన్ని సరిచేయాలి, ఎందుకంటే పెట్రోలు బరువు నీళ్లను కిందికి నొక్కుతుంది. 0.60 మీటర్ల పెట్రోలు ఉండి, దాని సాంద్రత నీళ్లలో 0.74 వంతు అయితే, కొలిచిన నీటి మట్టానికి 0.44 మీటర్లు కలపాలి. కలపకపోతే బంకు దగ్గర లేని గుంట కనబడి, నీళ్లన్నీ అటే పోతున్నట్టు తప్పుడు పటం వస్తుంది.

బోరులో 60 సెంటీమీటర్లు ఉందంటే మొరంలోనూ అంతే మందం ఉందని కాదు. మట్టి సందుల్లో పెట్రోలు నీళ్లతో, గాలితో కలిసి పలచగా ఉంటుంది, బోరులోకి వచ్చాకే చిక్కగా పేరుకుంటుంది. ఇంకా తికమక పెట్టేది వానాకాలం. నీటిమట్టం లేచినప్పుడు పెట్రోలు మట్టి సందుల్లో నీళ్ల కింద చిక్కుకుపోతుంది, బోరులో పొర మాయమవుతుంది. నవంబరులో చూసి "పోయింది" అని రాసేస్తారు. మేలో మట్టం దిగగానే అదే పెట్రోలు మళ్లీ బోరులోకి కారుతుంది. కేంద్ర భూగర్భజల మండలి మట్టాలు కొలిచే నాలుగు తడవలు, అంటే జనవరి, వేసవి, ఆగస్టు, నవంబరు, ఈ పనికీ సరిగ్గా సరిపోతాయి.

మూత తీసేటప్పుడు జాగ్రత్త. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి గుంటల్లో నిలుస్తుంది. బీడీ, ఫోను, మామూలు టార్చి పక్కన పెట్టాలి. దగ్గర్లో పాత చేదబావి ఉంటే అందులోకి మనిషిని దింపనే కూడదు.

నీళ్లు తోడే తీరు

బోరులో నిలిచిన నీళ్లు గాలి తగిలి ఉంటాయి, వాటిలో బెంజీన్ తగ్గిపోయి ఉంటుంది. కావాల్సింది రాతిలోంచి అప్పుడే వచ్చే నీళ్లు. పాత పద్ధతి ప్రకారం బోరులో ఉన్న నీటికి మూడింతలు తోడాలి. 2 అంగుళాల పైపులో మీటరుకు 2 లీటర్లే కాబట్టి అది సులభం. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు 21 లీటర్లు. 90 మీటర్ల బోరులో నీళ్లు 20 మీటర్ల దగ్గర ఉంటే 1,500 లీటర్లు, మూడింతలంటే 4,500. అంత కల్తీ నీళ్లను చెలకలోకి వదలకూడదు, డ్రమ్ముల్లో పట్టి శుద్ధికి పంపాలి. పైగా అంత తోడితే దూరాన ఉన్న కల్తీని మనమే దగ్గరికి లాక్కొస్తాం.

మేలైనది మెల్లగా తోడడం. గాట్ల మధ్యలో పంపు నిలిపి నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్లు మాత్రమే తీయాలి, మట్టం 10 సెంటీమీటర్లకు మించి దిగకూడదు. 3–5 నిమిషాలకోసారి కొలుస్తూ వరసగా మూడు రీడింగులు కుదురుకున్నాక నమూనా పట్టాలి. పీహెచ్ 0.1 లోపల, వాహకత 3 శాతం లోపల, రెడాక్స్ (ఆక్సీకరణ, క్షయకరణ స్థితి చూపే వోల్టేజి) 10 మిల్లీవోల్టుల లోపల, కరిగిన ఆక్సిజన్, మురికితనం 10 శాతం లోపల ఉండాలి. పైనుంచి పీల్చే పంపులు మన దగ్గర పనికిరావు. 7–8 మీటర్ల కంటే లోతు నుంచి అవి లాగలేవు, లాగిన నీళ్లలోంచి కూడా ఆ పీల్పుకే బెంజీన్ ఆవిరైపోతుంది. లోపలి సంచిని గాలితో నొక్కి నీళ్లను పైకి తోసే బ్లాడర్ పంపు సరైనది. మామూలు వ్యవసాయ మోటరును పెట్రోలు తేలే బోరులో ఎప్పుడూ దించకూడదు. తేలే పొర ఉన్న బోరులో కరిగినదాని కోసం నీళ్లు పట్టడమూ వ్యర్థమే. ఒక్క పెట్రోలు బిందువు సీసాలో పడితే ఆ అంకెకు అర్థం ఉండదు.

వరసను శుభ్రమైన బోరుతో మొదలుపెట్టి మురికి బోరుతో ముగించాలి. ప్రతి బోరుకూ కొత్త నైట్రైల్ గ్లవ్స్, కొత్త గొట్టం. జనరేటరు గాలికి దిగువన, దూరంగా. పొద్దున బండిలో పెట్రోలు పోసుకున్న చేతులతోనే సీసా ముట్టుకోవడం చాలా మామూలుగా జరిగే తప్పు.

సీసా దగ్గర

ఫ్లోరైడ్ అలవాట్లన్నీ తిరగబడేది ఇక్కడే. 40 మిల్లీలీటర్ల గోధుమరంగు గాజు వయల్, టెఫ్లాన్ పొర ఉన్న మూత. లోపల ల్యాబు వాళ్లు ముందే హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేసి ఇస్తారు, కాబట్టి కడగకూడదు. నీళ్లు గోడ వెంట మెల్లగా జారాలి, అంచు మీద ఉబ్బెత్తుగా నిలవాలి. అప్పుడు మూత బిగించి, తలకిందులు చేసి తట్టి చూడాలి. బుడగ కనబడితే ఆ వయల్ పక్కన పెట్టి కొత్తది నింపాలి. బుడగకు ఇంత పట్టింపు ఎందుకంటే, 25 డిగ్రీల దగ్గర సగం నిండిన సీసాలో బెంజీన్‌లో దాదాపు ఆరో వంతు పైన ఉన్న గాలిలోకి చేరిపోతుంది. మే ఎండలో ఇంకా ఎక్కువ. మూత తీయగానే ఆ గాలితో పాటు పోతుంది. కూల్‌డ్రింక్ సీసా అయితే ప్లాస్టిక్ కూడా కొంత పీల్చుకుంటుంది.

మన నీళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో బైకార్బనేటు కూడా ఎక్కువే. ఆమ్లం తగలగానే సోడాలా పొంగి బుడగలొస్తాయి, ఆ బుడగల్లోకి బెంజీన్ ఎగిరిపోతుంది. ముందు ఒక వయల్‌తో పరీక్షించి చూడాలి. పొంగితే ఆమ్లం లేని వయల్స్‌లో పట్టి, 7 రోజుల లోపల పరీక్ష చేయించాలి. ఆమ్లం ఉన్నవాటికి 14 రోజుల గడువు. రెండింటినీ 4 డిగ్రీల దగ్గర ఐసులో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. డీజిలు అనుమానమైతే లీటరు గోధుమరంగు గాజు సీసా అదనంగా కావాలి.

ఐసు పెట్టెలో ల్యాబు నుంచి వచ్చిన శుద్ధజలం వయల్ ఒకటి మూత తీయకుండా పోయి రావాలి. దానిలో బెంజీన్ దొరికితే కల్తీ పెట్టెలోనో బండిలోనో జరిగినట్టు. పది నమూనాలకు ఒకటి జంటగా వేరే పేరుతో పంపితే ల్యాబు నిలకడ తెలుస్తుంది.

రిపోర్టు చదవడం

"లేదు" అని రాస్తే, ఎంత కంటే తక్కువ అని అడగాలి. 50 మైక్రోగ్రాముల కంటే చిన్నది చూడలేని పద్ధతిలో "లేదు" అంటే హద్దుకు నాలుగు రెట్లు ఉన్నా తెలియదు. 1 మైక్రోగ్రాము దాకా చూడగల జీసీ-ఎమ్ఎస్ పరీక్ష (పదార్థాలను విడదీసి ఒక్కోదాన్ని గుర్తించేది) కావాలి. ల్యాబుకు నాబ్ల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) ఇచ్చిన గుర్తింపు పత్రంలో బెంజీన్ పేరు ఉందో లేదో చూసుకోవాలి. భారత ప్రమాణం 10500లో మినరల్ ఆయిల్‌కు 0.5 మిల్లీగ్రాముల హద్దు ఉంది, ఆ ఒక్క పరీక్ష చేయించి తృప్తిపడేవాళ్లు చాలామంది. ద్రావకాన్ని ఆవిరి చేసి మిగిలిన నూనెను తూచే పద్ధతిలో బెంజీన్ ముందే వెళ్లిపోతుంది.

బెంజీన్‌తో పాటు కరిగిన ఆక్సిజన్, నైట్రేటు, ఇనుము, సల్ఫేటు, మీథేన్ కూడా చూపించాలి. ఇక్కడి నీళ్లలో ఎరువులు, పశువుల వల్ల నైట్రేటు మామూలుగానే ఎక్కువ. ఎగువ బోరులో నైట్రేటు 45 మిల్లీగ్రాములుండి, బంకు దిగువ బోరులో దాదాపు సున్నా అయ్యి, ఇనుము పెరిగితే, సూక్ష్మజీవులు పెట్రోలును తింటూ ఆ నైట్రేటును ఖర్చు చేశాయని అర్థం. అంత నైట్రేటుతో సుమారు 9 మిల్లీగ్రాముల పెట్రోలు అరోమాటిక్ పదార్థాలు అరగొచ్చు. అయితే ఆక్సిజన్ లేనప్పుడు బెంజీన్ అన్నిటికంటే నెమ్మదిగా తరుగుతుంది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక ఇది మరీ ముఖ్యం. ఇథనాల్‌ను జీవులు ముందు తింటాయి, ఉన్న ఆక్సిజన్, నైట్రేటు దానికే అయిపోతాయి, బెంజీన్ ఇంకా దూరం పోతుంది.

ఈలోగా ఆ బోరు నీళ్లు తాగకూడదు, వంటకు వాడకూడదు. మిషన్ భగీరథ నీళ్లు అందుతుంటే వాటితోనే సరిపెట్టుకోవాలి. ఫ్లోరైడ్ కోసం వచ్చిన నల్లగొండ పద్ధతిలో వాడే పటిక, సున్నం బెంజీన్‌ను పట్టవు. ఆర్వో పొరను కూడా దీనికి నమ్మలేం. యాక్టివేటెడ్ కార్బన్ పడుతుంది గానీ నిండిపోయిన రోజు మనకు తెలియదు. మరిగిస్తే బెంజీన్ వంటగది గాలిలోకి వస్తుంది.

ఏటా నాలుగు తడవలు చూసి, మే అంకెలూ నవంబరు అంకెలూ విడివిడిగా పోల్చి, రెండూ ఏళ్లుగా తగ్గుతున్నాయని తేలాక పరిశీలన ఆపొచ్చు. అప్పుడు బోర్లను అలాగే మూతపెట్టి వదిలేయకూడదు. గొట్టం అడుగుదాకా దించి, సిమెంటు–బెంటోనైట్ పాలను కింది నుంచి పైకి నింపుకుంటూ రావాలి. పైనుంచి పోస్తే మధ్యలో ఖాళీలు మిగిలి, తర్వాతి లీకుకు ఆ రంధ్రమే దారవుతుంది.